ఖతార్‌లో మద్యము మానదలచినవారి సహవాసము

కొడుకు ఖతార్‌నకు ఉద్యోగమునకై పోవుచున్నాడనగానే మన ఇండ్లలో తల్లులు ఒక్క విషయమున నిశ్చింతగా నుందురు. అది ముసల్మానుల దేశము, అచ్చట మద్యము దొరకదు, కనుక పిల్లవాని త్రాగుడు దానంతట అదే మానునని వారి నమ్మకము. చెరకు తోటలను, రమ్ము బట్టీలను చూచుచు పెరిగిన మారిషస్ ఆంధ్రులకు ఇట్టి ఆశ కలుగుట సహజమే. కాని యిది సగమే నిజము.

ఖతార్‌లో మద్యము బొత్తిగా లేకపోలేదు. కొన్ని హోటళ్లలో అమ్ముదురు. ముస్లిములు కాని నివాసులు, తగిన జీతము గలవారైనచో, అనుమతి పత్రము పొంది ఖతార్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ దుకాణమున కొనవచ్చును. 2019 జనవరిలో నూటికి నూరు పన్ను విధింపగా వెల రెట్టింపైనది. బహిరంగ స్థలమున త్రాగినవానికి 6 నెలల వరకు ఖైదును, 3,000 రియాళ్ల వరకు జరిమానాను విధించుటకు 2004 నాటి శిక్షాస్మృతి వీలు కల్పించుచున్నది. చిన్న జీతపు కూలివానికి అనుమతి పత్రము రాదు. త్రాగక ఉండలేనిచో వానికి మిగులునది చాటుమాటు సారాయే. అందులో మిథనాలు కలిసినచో కండ్లు పోవును, ప్రాణమును పోవును.

అంతకంటె ముందే పొంచియున్న అపాయము వేరొకటి కలదు. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవాడు విమానము దిగి, మద్యము దొరకని కార్మికుల బసలో చేరినాడనుకొందము. కొన్ని గంటలలోనే చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ మూడవ దినములలో కొందరికి లేనివి కనబడును, మాట తడబడును, మనుష్యులను గుర్తింపరు. తోడివారు వడదెబ్బ యనియో, దయ్యము పట్టినదనియో తలచి తాయెత్తు కట్టుదురు. అది హఠాత్తుగా త్రాగుడు మానుటవలన కలుగు వ్యాధి. చికిత్స లేనిచో చంపగలదు. వైద్యులు దీనికి కొన్ని దినములు మందును క్రమముగా తగ్గించుచు ఇత్తురు. బి1 విటమినును ఎక్కింతురు. అట్టి స్థితిలో వెంటనే 999కి ఫోను చేయవలెను. వ్యసన చికిత్సకే ఏర్పడిన నౌఫర్ అను కేంద్రము దోహాలో కలదు. కనుక బయలుదేరుటకు ముందే ఇచ్చటి వైద్యునికి నిజము చెప్పి మందు పుచ్చుకొనుట మేలు.

చట్టము దుకాణమును మూయగలదు గాని త్రాగుబోతు మనస్సును మార్చలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమము వలన 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలినది. ఆ స్త్రీల ధైర్యమునకు మేము నమస్కరింతుము. అయినను లోపలి దాహమునకు మందు వేరు.

ఆ మందు 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున దొరకినది. బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి, వచ్చిన పని చెడి, మరల త్రాగుదునేమోయని భయపడి, హోటలులోని టెలిఫోను చెంతకు పోయి, తాను మాటలాడుటకు మరియొక త్రాగుబోతు కావలెనని పాదరీలను అడిగెను! అట్లు దొరకినవాడు డాక్టరు బాబ్ స్మిత్. వారి మాటలే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమైనవి. 1957లో అది బొంబాయికి వచ్చినది.

దోహాలో ఈ సంఘపు సమావేశములు ఇంగ్లీషున జరుగుచున్నవి. స్థలమును, వేళను తెలిసికొనుటకు గల్ఫు ప్రాంతపు సంఘమునకు ముందుగా వ్రాసి అడుగుట మంచిది. పోయినవారిని ఇంటిపేరు అడుగరు, రుసుము లేదు, మద్యము మానవలెనను కోరిక ఒక్కటే అర్హత. సుమారు గంటసేపు ఒక్కొక్కరు తమ కథ చెప్పుదురు. నడుమ ఎవరును అడ్డుపడరు, ఉపన్యాసములీయరు. క్రొత్తవాడు మౌనముగా కూర్చుండవచ్చును. ఈ ఒక్క దినము త్రాగకుండుటయే వారి లెక్క. పాతవాడొకడు క్రొత్తవానికి తోడుగా నిలిచి, రాత్రివేళ దాహము పుట్టినచో ఫోనుకు అందును. దైవమును గూర్చి మాటలాడుదురు గాని ఎవరు భావించిన దైవము వారిది. సింహాద్రి అప్పన్నను కొలుచువాడు అప్పన్ననే తలచుకొనవచ్చును. రామభజనకు పలువురు కూడినపుడు పుట్టు బలమెట్టిదో ఎరిగిన మనకు దీనిని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషు రానివానికి, నగరమునకు దూరమున బస గలవానికి, శుక్రవారము తప్ప సెలవు లేనివానికి ఇది సులభము కాదు. 2020 నుండి ఫోను ద్వారా సమావేశములు విరివిగా వ్యాపించినవి. హైదరాబాదున రాత్రి 8 గంటలైనపుడు దోహాలో సాయంకాలము 5-30. తెలుగు సమావేశము దొరకినచో బసలోనుండియే వినవచ్చును.

ఇంటివారికి ఆల్-అనాన్ అను సంఘము 1951 నుండి వేరుగ కలదు. ఈ వ్యాధిని తాము కలిగింపలేదని, తాము నయము చేయలేమని వారచ్చట తెలిసికొందురు. దినదినము ఫోనులో "త్రాగితివా?" యని ప్రశ్నించుటవలన అబద్ధములే పెరుగును. మన గడియారము దోహాకంటె ఒక గంట ముందు నడచును. శుక్రవారము అచ్చట 6 గంటలకు కుమారుడు సమావేశమునకు పోవుచున్నచో, మన 7 మొదలు 8 వరకు తల్లి ఫోను చేయక ఆగవలెను.