ఆసిడ్ అంతే ఉంది... మంటే పెరిగింది!

రాత్రి పదకొండున్నరకు అమెరికా క్లయింటుతో కాల్ ముగిసింది. మా మేనల్లుడు నాలుగు ముద్దలు పప్పన్నం తిని పక్కమీద వాలాడు. గంట తిరక్కుండానే గుండెల్లో మంట, గొంతులోకి పులిపులిగా ఎగదన్నుడు. లేచి కూర్చుని సొరుగులోంచి గ్యాస్ బిళ్ళ తీసి మింగాడు. పొద్దున్నే అడిగితే, ‘‘సాయంత్రం మిర్చిబజ్జీ తిన్నా కదా మావయ్యా’’ అన్నాడు.

మిర్చిబజ్జీ మొన్నా తిన్నాడు. మొన్న మంట లేదు. మొన్న ఆ కాల్ కూడా లేదు.

ఈ సంగతి మన భాషకు ఎప్పుడో తెలిసినట్టుంది. పక్కవాడు మేడ కడితే మనకు కడుపుమంట. అవమానాన్ని జీర్ణించుకోలేం. నచ్చని మాట మింగుడు పడదు. తప్పుచేసిన బిడ్డను తల్లి కడుపులో పెట్టుకుంటుంది. వైద్యులు మాత్రం, ఒక మనిషి పొట్టకు కన్నం పడేదాకా ఆగాల్సి వచ్చింది.

1822లో, అమెరికాలోని మాకినా దీవిలో, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకీ దెబ్బ తగిలింది. బతికాడుగానీ, పొట్టలోకి పడిన రంధ్రం పూడలేదు. సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్‌కు అది కిటికీ అయింది. పట్టుదారానికి మాంసం ముక్క కట్టి లోపలికి వదిలి, ఎంతసేపటికి అరుగుతుందో చూసేవాడు. మార్టిన్‌కు కోపమొస్తే అరుగుదల దెబ్బతింటోందనీ గమనించాడు. (మన పొట్టలోకి ఎవరైనా అలా దారం వదిలితే మనకూ రాదూ కోపం!) 1940ల్లో న్యూయార్క్‌లో ఇంకో మనిషి దొరికాడు. పేరు టామ్. చిన్నప్పుడు సలసల కాగే సూప్ మింగి అన్నవాహిక మూసుకుపోవడంతో, పొట్టకు పెట్టిన రంధ్రంలోంచే తిండి వేసుకునేవాడు. స్టివార్ట్ వోల్ఫ్, హెరాల్డ్ వోల్ఫ్ అనే వైద్యులు ఏళ్ల తరబడి ఆ రంధ్రంలోంచి చూశారు. భయపడితే పొట్ట లోపలి పొర పాలిపోయేది. లోలోపల రగిలిపోతే ఎర్రబడేది, ఆసిడ్ కూడా ఎక్కువగా ఊరేది.

అయితే టెన్షన్ పడితే ఆసిడ్ పెరుగుతుంది, పెరిగితే మంట... అంతేనా? ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. గుండెల్లో మంటకు కారణం ఆసిడ్ ఎక్కువ కావడం కంటే, అది ఉండకూడని చోటికి రావడం. అన్నవాహిక చివర కండరాల కవాటం ఒకటుంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, మళ్లీ బిగుసుకోవాలి. అది వేళకాని వేళ వదులైతే ఆసిడ్ పైకి తన్నుతుంది. 1993లో అమెరికా పరిశోధకులు కొందరు రోగులను కావాలనే ఒత్తిడికి గురిచేసి చూశారు. మంట పెరిగిందన్నారు రోగులు. అన్నవాహికలోకి వచ్చిన ఆసిడ్‌ను కొలిస్తే, అది మాత్రం పెరగలేదు!

రోగులు అబద్ధమాడలేదు. కుళాయి పగలంతా కారుతూనే ఉంటుంది. నిద్రపట్టని రాత్రి ఆ చుక్కల చప్పుడు చెవిలో సుత్తిదెబ్బలవుతుంది. 2008లో మరో ప్రయోగంలో, చెవులకు చిరాకు పుట్టించే శబ్దాలు వినిపించి అన్నవాహికలోకి ఆసిడ్ చుక్కలు వదిలితే, రోగులకు మంట త్వరగా, గట్టిగా తెలిసింది. ఎలుకలను ఒత్తిడికి గురిచేస్తే అన్నవాహిక పొరలోని కణాల మధ్య సందులు వెడల్పయ్యాయని 2007లో తేలింది. గోడ బీటలు వారితే చెమ్మ లోపలికి దిగదూ! ఆపైన మంటతో నిద్ర చెడుతుంది, నిద్రలేని ఒంటికి మంట ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

అలాగని ‘అంతా నీ టెన్షనే’ అని కొట్టిపారేసే వైద్యమంటే నాకు భయం. అల్సర్‌నూ ఒకప్పుడు అలాగే చాలామంది టెన్షన్ ఖాతాలో వేశారు. బ్యారీ మార్షల్ అనే వైద్యుడు 1984లో హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా కలిపిన ద్రవం తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. అల్సర్లకు ముఖ్య కారణం ఆ బ్యాక్టీరియానే అని చూపినందుకు 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి ఉంటే ఎండోస్కోపీ మాట ఆలస్యం చేయకూడదు. ఛాతీ పట్టేసి, చెమటలు పోస్తూ, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే సోడా కోసం వెతక్కండి, ఆస్పత్రికి పరుగెత్తండి. గ్యాసే అనుకుని గుండెపోటును ఇంట్లో కూర్చోబెట్టుకున్నవాళ్లు మన చుట్టుపక్కలే ఉంటారు.

బిళ్ళల సంగతి కూడా చెప్పుకోవాలి. ప్యాంటాప్రజోల్ లాంటివి తిండికి అరగంట ముందు వేసుకుంటేనే సరిగా పనిచేస్తాయి. అర్ధరాత్రి మంట పుట్టాక మింగితే, అప్పటికప్పుడు ఒరిగేది తక్కువే. ఆసిడ్ మామూలుగానే ఉండి, అది తగిలిన ప్రతిసారీ ఒళ్లు ఉలిక్కిపడే రకం రోగులూ ఉన్నారు. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, ఇరవైనాలుగు గంటలు కొలిస్తే ఆ తేడా బయటపడుతుంది. వాళ్లకు నరాల తీవ్రత తగ్గించేందుకు డిప్రెషన్ మందులను కొద్ది మోతాదులో రాస్తారు. చీటీ చూసి ‘నాకేమన్నా పిచ్చా?’ అని చించేసేవాళ్లు ఉంటారు, పాపం!

మందు కాని మందు కూడా ఒకటుంది. అన్నవాహిక చివరి ఆ కవాటాన్ని చుట్టి ఉండేది ఊపిరితిత్తుల కింది పొర, డయాఫ్రం. పొట్ట ఉబ్బేలా నిదానంగా ఊపిరి పీల్చడం నేర్పితే నాలుగు వారాల్లో ఆసిడ్ పైకి రావడం తగ్గిందని 2012లో ఆస్ట్రియా వైద్యులు చెప్పారు. పరీక్షించింది 19 మందినే. అయినా, ఊపిరికి ఖర్చేముంది?

మేనల్లుణ్ని డాక్టరు ఓ చీటీ రాయమన్నాడు: మంట వచ్చిన రోజు ఏం తిన్నావు, ఏం జరిగింది అని. రెండు వారాల తర్వాత నాకు చూపించాడు. మిర్చిబజ్జీ ఒక్కసారే కనిపించింది. మంగళవారం ఎదురుగా, ‘పెరుగన్నం. అప్రైజల్’ అని ఉంది.