పదిహేనేళ్ల మెదడుకు తెల్లారేదెప్పుడు?

తెల్లవారుజామున ఐదు. ఇంటర్ హాస్టల్లో గంట మోగుతుంది. కాసేపటికే పిల్లలంతా స్టడీ అవర్‌లో వరసగా కూర్చుంటారు. పుస్తకం తెరిచే ఉంటుంది, కళ్లే మూతలు పడుతుంటాయి. వార్డెన్ భుజం తట్టి లేపుతాడు. రాత్రి మళ్లీ పదిన్నర దాకా చదువు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో రెసిడెన్షియల్ కాలేజీల్లో రోజూ నడిచే తంతు ఇది. ఆ కునికిపాటుకు మనం పెట్టిన పేరు బద్ధకం. అంతకన్నా అన్యాయమైన మాట ఉండదు.

ఈడొచ్చే వయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ హార్మోన్ రాత్రిపూట ఆలస్యంగా ఊరుతుంది. నిన్నటిదాకా తొమ్మిదింటికే నిద్రపోయిన పిల్లాడికి పదకొండైనా కన్ను మూతపడదు. అమెరికాలో మేరీ కార్స్‌కడన్ దశాబ్దాలపాటు ఈ వయసు పిల్లల నిద్రను పరిశీలించి చెప్పిన సంగతి ఇది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అక్కడి నిద్ర వైద్యుల సంఘం 2016లో ప్రకటించింది. పదకొండుకు పడుకుని ఐదుకు లేచే పిల్లకు దక్కేది ఆరే.

పోయేది విశ్రాంతి ఒక్కటే అయితే ఇంత బాధపడక్కర్లేదు. పగలు చదివింది ముందుగా మెదడు లోపలి హిప్పోక్యాంపస్‌లో చేరుతుంది. గాఢనిద్రలో మెదడు దాన్ని నెమరు వేసుకుంటూ పై పొరల్లో కుదురుగా నాటుకుంటుంది. నిద్ర కోసి చదివించడమంటే, నాటుకోకముందే నారు పీకడం.

పైగా ఆ మెదడు ఇంకా తయారవుతూనే ఉంది. ఆరేళ్లకే దాని పరిమాణం పెద్దవాళ్ల మెదడులో తొంభై శాతానికి చేరుతుంది కాబట్టి పని ముగిసినట్టేనని చాలాకాలం అనుకున్నారు. కానీ షికాగోలో పీటర్ హట్టెన్‌లాకర్ మైక్రోస్కోపు కింద నాడీకణాల మధ్య లంకెలను ఓపిగ్గా లెక్కపెట్టి, నుదుటి వెనక భాగంలో పెద్దవాళ్లకన్నా పసివాళ్లకే అవి ఎక్కువని 1979లో తేల్చారు. 1999లో జే గీడ్ బృందం ఎమ్మారై స్కాన్లతో ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ భాగంలోని బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో పదకొండో ఏటి దాకా, మగపిల్లల్లో పన్నెండో ఏటి దాకా పెరిగి, ఆపైన పలచబడుతుంది. మొక్కజొన్న చేలో ఒత్తుగా మొలిచినవాటిని రైతు పీకేసినట్టే ఇదీ. వాడుకలో ఉన్న దారులు నిలుస్తాయి, లేనివి పోతాయి. నిలిచినవాటికి మైలిన్ అనే కొవ్వు తొడుగు పట్టి వేగం పెరుగుతుంది. ముందుచూపు, నిగ్రహం చూసుకునే నుదుటి వెనక భాగం పూర్తిగా కుదురుకునేసరికి పాతికేళ్లు వస్తాయి.

ఆలోచన తీరు మారేదీ ఈడొచ్చే ఈ వయసులోనే. జెనీవాలో పియాజే, ఇన్‌హెల్డర్ అనే మనస్తత్వవేత్తలు పిల్లల చేతికి దారం, బరువులు ఇచ్చి లోలకం వేగం దేనివల్ల మారుతుందో కనిపెట్టమన్నారు. చిన్నవాళ్లు దారం పొడవునూ బరువునూ కలిపి మార్చేసి తికమకపడ్డారు. ఈడొచ్చిన పిల్లలు మిగతావన్నీ కదలకుండా ఉంచి ఒక్కోదాన్నే మార్చి చూశారు. ‘ఇలా కాకపోతే ఎలా ఉంటుంది?’ అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. అదే ప్రశ్న ఇంట్లో నాన్నను అడిగితే ఎదురు మాట్లాడటం అంటున్నాం.

ఇక ధ్యాస. ఈ విషయంలో మన అవధానాన్ని మించిన పాఠం నాకు కనిపించదు. అష్టావధానంలో ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులకూ అవధాని ఒకేసారి జవాబివ్వడు. ఒకరి మీద ధ్యాస పూర్తిగా నిలిపి, తర్వాతే రెండోవారి వైపు తిరుగుతాడు. చివర్లో ధారణ చేస్తాడు, అంటే పద్యాలన్నీ చూడకుండా అప్పజెబుతాడు. ఆ అప్పజెప్పడంలోనే మర్మముంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. బామ్మ ఎదుట కూర్చుని ఎక్కాలు అప్పజెప్పిన తరం చేసింది ఇదే. పుస్తకం ముందు ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కాదు, మూశాక ఎంత చెప్పగలిగారన్నదే లెక్క.

ఈసారి పిల్లల్ని కాలేజీలో చేర్చడానికి వెళ్లినప్పుడు గోడ మీది ర్యాంకులతో పాటు హాస్టల్ టైంటేబుల్ కూడా అడగండి. దీపాలు ఎన్నింటికి ఆర్పుతారు, గంట ఎన్నింటికి కొడతారు? మధ్యలో ఎనిమిది గంటలు లేకపోతే ఇంకో కాలేజీ చూడండి.