ఐదు రోజుల్లో లొంగిన రాజ్యం, మూడేళ్ళయినా లొంగని పల్లె

పాత నల్లగొండ జిల్లాలో కడవెండి నుంచి కోదాడ దాకా ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా రెండు మాటలు చెవిన పడతాయి. ఒకటి 'రజాకార్ల కాలం', రెండోది 'మిలిటరీ కాలం'. ఈ రెంటికీ నడుమ గీత 1948 సెప్టెంబరు. మొదటి కాలం ఎలా పోయిందో బడిపిల్లలు సైతం చెబుతారు. రెండో కాలం మూడేళ్ళు ఎందుకు సాగిందో, చివరకు ఎలా చల్లారిందో చెప్పేవారు తక్కువ. ఆ రోజులు కళ్ళారా చూసినవారు ఇప్పుడు ఊరికి ఒకరో ఇద్దరో. కాని ఆ మూడేళ్ళు నేర్పిన పాఠం మాత్రం పాతబడలేదు. సైన్యం దేనిని గెలవగలదు, దేనిని గెలవలేదు అన్నదే ఆ పాఠం.

ఐదు రోజుల యుద్ధం

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం నిజాం రాజ్యంలో అడుగుపెట్టింది. ప్రధాన బలగం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వాన షోలాపూర్ నుంచి కదిలింది. మరో బలగం బెజవాడ వైపు నుంచి బయలుదేరి కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట దారి పట్టింది. ట్యాంకులు, విమానాలు, ఫిరంగులు అన్నీ ఒక్కసారే వచ్చాయి. 17వ తేదీ సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు.

ఇంత త్వరగా పని కావడానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. ఎదుట ఒక సైన్యం ఉంది, దానికొక సేనాపతి ఉన్నాడు, ఆ పైన రాజధానిలో ఒక రాజు ఉన్నాడు. రాజు తలవంచితే యుద్ధం ఆగిపోతుంది. ఉన్న బలమంతా ఒక్కచోట కూడగట్టి, అనుకున్న గురి మీద ఒక్కసారిగా కొట్టాలన్నది సైనిక శాస్త్రంలో పాత సూత్రం. హైదరాబాదు మీద ఆ సూత్రం అక్షరాలా ఫలించింది.

అయితే గెలుపు తరువాతి రోజులకు ఆ సూత్రంలో జవాబు లేదు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో పాలన కుదుటపడకముందే ముస్లిం కుటుంబాలపై ఘోరమైన హత్యాకాండ సాగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ సంఘం తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. రజాకార్లు చేసిన పాపానికి, వారితో సంబంధం లేని బీదసాదలు బలయ్యారు. రాజ్యాన్ని గెలవడం వేరు, గెలిచిన రాజ్యంలో మనుషులను కాపాడటం వేరు అని అప్పుడే తేలిపోయింది.

గడి వైపు తిరిగిన తుపాకీ

తెలంగాణ పల్లెలో సైన్యానికి ఎదురైన సమస్య వేరు. ఇక్కడి పోరాటం నిజాంతో మొదలయింది కాదు, వెట్టితో మొదలయింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను గడికి చేర్చనని నిలబడింది. సంఘం పెట్టుకున్న ఊళ్ళలో వెట్టి ఆగింది, గడి నుంచి దొరలు పట్నం పారిపోయారు. మూడువేల గ్రామాలు సంఘం చేతికి వచ్చాయనీ, పది లక్షల ఎకరాలు పంచామనీ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు.

అందుకే సైన్యం వచ్చినప్పుడు చాలా ఊళ్ళలో జనం సంబరంగా ఎదురువెళ్ళారు. రజాకార్ల పీడ విరగడయిందని ఊపిరి పీల్చుకున్నారు. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. పారిపోయిన దొరలు మిలిటరీ లారీల వెనకే ఊళ్ళకు తిరిగివచ్చారు. పంచిన భూములు తిరిగి లాక్కోవడం మొదలయింది. రజాకార్లను తరిమిన తుపాకీ తమ పొలం గట్టు మీదకు ఎందుకు వచ్చిందో రైతుకు అర్థం కాలేదు.

పోరాటం ఆపాలా, సాగించాలా అని కమ్యూనిస్టు నాయకుల్లోనే చీలిక వచ్చింది. ఆపడమే మేలని రావి నారాయణరెడ్డి వంటివారు వాదించారు. సాగించాలన్నవారి మాట నెగ్గింది. దళాలు గోదావరి అడవులకూ, నల్లమలకూ చేరాయి.

ఇక్కడ సైన్యానికి ఎదుట రాజధాని లేదు. లొంగిపోవలసిన సేనాపతి లేడు. పగలు నాగలి పట్టినవాడే రాత్రి దళానికి అన్నం పెడతాడు. ఎవరు రైతో, ఎవరు దళసభ్యుడో తెలియనప్పుడు బలగం ఊరంతటినీ అనుమానిస్తుంది. క్యాంపులు పెట్టారు, ఊళ్ళు చుట్టుముట్టి సోదాలు చేశారు, కుర్రవాళ్ళను కట్టి తీసుకుపోయారు. మొత్తం పోరాటంలో నాలుగువేల మంది ప్రాణాలు పోయాయనీ, పదివేల మందికి పైగా నిర్బంధ శిబిరాల పాలయ్యారనీ సుందరయ్య లెక్క. దెబ్బతిన్న ప్రతి ఇంటి నుంచీ దళానికి మరో చేయి దొరికింది. దోమను చంపడానికి గొడ్డలి ఎత్తితే ఇంటి గోడే పగులుతుంది కదా!

అడవి పల్లెల తరలింపు

చేపను పట్టలేకపోతే చెరువును ఎండగట్టాలన్న ఆలోచన ఆ తరువాత వచ్చింది. అదే రోజుల్లో మలయాలో బ్రిటిష్ జనరల్ బ్రిగ్స్ 1950లో ఒక పథకం తెచ్చాడు. అడవి అంచున ఉన్న దాదాపు ఐదు లక్షల మందిని కంచె వేసిన కొత్త ఊళ్ళలోకి తరలించడమే ఆ పథకం. తిరుగుబాటుదారులకు తిండీ, కబురూ అందకుండా చేయడం దాని ఉద్దేశం. మన గోదావరి అడవుల్లో కోయగూడేలకు కూడా ఇంచుమించు ఇదే గతి పట్టింది. గూడేలు ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల దగ్గరకు చేర్చారు. పోడు పోయింది, పశువులు పోయాయి. దళాలకు దారి మూసుకుపోయిన మాట నిజమే. కాని ఏ పాపం ఎరుగని గిరిజనుడు ఆ దారికి ఖరీదు కట్టాడు.

తుపాకీ పక్కన కాగితం

మొత్తానికి ఊళ్ళు చల్లబడింది ఒక్క తుపాకీతోనే కాదు. సైనిక పాలన నడుస్తుండగానే 1949 ఆగస్టులో జాగీర్లను రద్దు చేశారు. రాజ్యంలో దాదాపు మూడో వంతు భూమి దీని కిందకు వచ్చింది. 1950లో కౌలు చట్టం వచ్చింది. ఏళ్ళ తరబడి దున్నుతున్నవారిని 'రక్షిత కౌలుదారులు'గా రాసి పట్టీలు తయారుచేశారు. ఫిరంగి చేయలేని పనిని ఈ రెండు కాగితాలూ మొదలుపెట్టాయి.

1951 ఏప్రిల్‌లో వినోబా భావే కాలినడకన ఈ జిల్లాకు వచ్చారు. బయలుదేరే ముందు హైదరాబాదు జైల్లో కమ్యూనిస్టు ఖైదీలను కలిశారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు తమకు 80 ఎకరాలు చాలునన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం పుట్టింది ఆ పూటే. ఆ యాత్రలో తెలంగాణలో పన్నెండు వేల ఎకరాల దాకా దానంగా వచ్చింది. అవసరంతో పోలిస్తే అది ఏ మూలకూ చాలదు. అయినా తగవు భూమి గురించేనని అందరి ఎదుటా ఒప్పుకున్నట్టయింది.

1951 అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. మరి కొద్ది నెలలకే ఎన్నికలు వచ్చాయి. నిన్నటిదాకా వేటాడబడినవారు ప్రజాస్వామిక కూటమి పేరుతో ఓట్లడిగారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. హైదరాబాదు శాసనసభలో ఆ కూటమికి 42 స్థానాలు దక్కాయి. చెప్పుకోవడానికి వేదిక దొరికినవాడికి తుపాకీతో పని తగ్గింది.

పూజారి ఇవ్వని వరం

ఇంతటితో కథ సుఖాంతమయిందని అనుకుంటే పొరపాటే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, చట్టం ఇచ్చినదాన్ని పటేల్ పట్వారీలు ఊళ్ళోకి రానివ్వలేదు. ప్రొఫెసర్ ఎ.ఎం. ఖుస్రో పూర్వపు జాగీరు గ్రామాల్లో తిరిగి చూసి 1958లో లెక్క తేల్చారు. చట్టం వచ్చిన నాలుగేళ్ళకే వందమంది రక్షిత కౌలుదారుల్లో కౌలు నిలుపుకున్నవారు 45 మందే. సుమారు 12 మంది భూమిని కొనుక్కోగలిగారు. 22 మందిని చట్టానికి విరుద్ధంగా వెళ్ళగొట్టారు. మరో 17 మంది 'ఇష్టపూర్వకంగా' వదులుకున్నట్టు రాశారు. ఆ ఇష్టం ఎలాంటిదో పల్లె ఎరుగనిది కాదు. ఆనాటి పట్టీల మీద తగవులు మనవల తరంలోనూ కోర్టుమెట్లు ఎక్కుతూనే ఉన్నాయి.

ఒక్క నల్లగొండ పాఠమేనా?

2003లో అమెరికా సైన్యం ఇరాక్ మీదకు వెళ్ళింది. మూడు వారాల్లోనే బాగ్దాదు పడిపోయింది. ఆ వెంటనే ఇరాక్ సైన్యాన్ని రద్దు చేసి, లక్షల మందిని పని లేకుండా ఇళ్ళకు పంపారు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, జీతాలు లేవు. కొద్ది నెలల్లోనే తిరుగుబాటు రాజుకుంది, ఏళ్ళ తరబడి రక్తం పారింది. జనాన్ని కాపాడటమే అసలు పని అని చెబుతూ ఆ సైన్యం 2006లో తన నియమావళిని తిరగరాసుకోవలసి వచ్చింది. అంతకు యాభై ఏళ్ళకు ముందే కడవెండి, పాలకుర్తి, పోచంపల్లి ఈ పాఠం చెప్పాయి. వినేవారు లేకపోయారు.

సైన్యం చేయగలిగింది లేదని అనడం కూడా న్యాయం కాదు. సైన్యం రాకపోతే రజాకార్ల ఆగడాలు ఇంకెన్నాళ్ళు సాగేవో! కాని తుపాకీ సంపాదించి పెట్టేది కొంత వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో దున్నేవాడి పేరు కాగితం మీదకు ఎక్కితే ఊరు చల్లబడుతుంది. ఎక్కిన పేరును చెరిపేస్తే నిప్పు బూడిద కింద అలాగే ఉంటుంది. ఐదు రోజుల్లో గెలిచిన యుద్ధాన్ని ఏటా సెప్టెంబరులో అందరూ తలుచుకుంటారు. ఆ తరువాతి మూడేళ్ళనూ, అప్పుడు రాసిన కౌలు పట్టీలనూ కూడా ఒకసారి తిరగేయడం పాలకులకు మంచిది.