డాబా మీద సొరపాదు

మిద్దె తోట వేద్దామనుకునేవాళ్లు ముందు విత్తనాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. నేను ముందు శ్లాబు సంగతి అడుగుతాను. మనుషులు తిరిగే డాబాకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు పడుతుందని లెక్కవేసి కడతారు. అదే చదరపు మీటరులో అడుగు మందాన తడిమట్టి పోస్తే అర టన్ను! అందుకే డాబా మధ్యలో ఇటుకలతో మడులు కట్టొద్దంటాను. డ్రమ్ములు, పెద్ద కుండీలు కింద దూలాలు, స్తంభాలు ఉన్నచోటే పెట్టాలి. గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన భాగం మీద వద్దే వద్దు. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించాకే మట్టి పైకెక్కించండి.

ఆ మట్టిని కూడా తేలిక చేయాలి. ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, పైన గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి, రెండు మూడు నీళ్లు పిండి పారబోశాకే కలుపుతాను. ఊరి నుంచి నల్లరేగడి తెస్తామంటారు కొందరు. పొలంలో అది బంగారమే. కుండీలో మాత్రం ఎండితే బీటలు తీస్తుంది, తడిస్తే నీళ్లు కిందికి వదలదు. కుండీల కింద ఇటుకలు పెడితే శ్లాబు ఆరుతుంది, చీపురూ దూరుతుంది.

మా విజయవాడ ఎండ సంగతి చెప్పేదేముంది! నేలలో వేరు లోతుకు పోయి చల్లదనం వెతుక్కుంటుంది. నల్లరంగు టబ్బులో ఎటు తిరిగినా సెగే. మే నెలలో టమాటా పూత రాలిపోతోందని మందులు కొంటారు, దండగ. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తుంటే ఆ పుప్పొడి సరిగ్గా పనిచేయదు, కాయ కట్టదు. ఆ రోజుల్లో బచ్చలి, తోటకూర, గోంగూర వేసుకుని, పైన సగం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టుకోవడం మేలు. నీళ్లు తెల్లవారుజామునే పోయాలి. మధ్యాహ్నానికి ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి.

అసలు సరదా సొరపాదుతో. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తెల్లటి పూలు విచ్చుకుంటాయి. పొడుగాటి సన్నకాడ మీద ఉత్త పువ్వుంటే అది మగది. ఆడపువ్వు అడుగున నూగుతో బొటనవేలంత పిందె ఉంటుంది. మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, మధ్యలో పుప్పొడి ఉన్న మొనను ఆడపువ్వు నడిమి బుడిపెకు మెల్లగా రాస్తాను. మొదట్లో మా అత్తగారు నవ్వారు. “మా పెరట్లో ఇంత పాదుండేది. ఒక్కనాడూ ఇలాంటి పని చేయలేదమ్మాయ్!” అన్నారు. నిజమే, అక్కడ ఆ పని చిమ్మటలు చూసుకునేవి. ఈ మూడో అంతస్తు మీదికి వచ్చేవి తక్కువ. నాలుగు రోజుల్లో పిందె పచ్చగా ఊరితే నిలిచినట్టే. పసుపు తిరిగి ముడుచుకుంటే రాలిపోతుంది. బీర కూడా సాయంత్రం పూసేదే. గుమ్మడికి మాత్రం పొద్దున్నే లేవాలి.

అన్నీ మగపూలే వస్తున్నాయని దిగులు పడేవాళ్లు తీగ చివర తుంచి పక్క కొమ్మలు రానివ్వండి. ఆడపూలు ఎక్కువగా వచ్చేది వాటికే. ఆ కొమ్మల చివరలూ తుంచి మూడో తరం కొమ్మలు రప్పించడాన్ని తోటలవాళ్లు త్రీజీ కటింగ్ అంటారు, సెల్‌ఫోన్ నెట్‌వర్క్ పేరులా.

డబ్బు మిగులుతుందని మాత్రం నేనెవరికీ చెప్పను. కుండీలు, మట్టి, నెట్ ఖర్చు తీరేసరికి చాలా వంగతోటలు కాపు ముగించుకుంటాయి.

పురుగుల్లో నాకు పడనిది పిండినల్లి. గోంగూర, మందార అంటే దానికి ప్రాణం. అది కార్చే తీపి జిగురు కోసం చీమలు కాపలా కాస్తాయి. కాబట్టి కాండం మీద చీమల బారు కనబడితే ఆకు వెనక్కి తిప్పి చూడండి. కొద్దిగా ఉంటే పైపుతో నీళ్లు గట్టిగా కొడితే పోతుంది. ముదిరితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక కొట్టాలి. ఆ పూట కూరకు మాత్రం పక్క కుండీలో ఆకు కోసుకోండి.