అమ్మ పంపిన మామిడిపళ్లు

మా అమ్మ యానాంలో ఉంటుంది. ఏటా వేసవిలో పుదుచ్చేరిలో ఉన్న మాకు లారీలో కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లు పంపుతుంది. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఒక ఏడు బుట్ట విప్పితే పైవరస పళ్లన్నిటికీ నల్లమచ్చలే! "చెట్టుకేమైనా తెగులొచ్చిందేమోరా" అని అమ్మ ఫోనులో నొచ్చుకుంది.

తప్పు చెట్టుది కాదు, కుదుపుది. కమాను కట్టలున్న లారీ సెకనుకు రెండు నుంచి అయిదు సార్లు ఊగుతుంది. ఆ ఊపు అడుగు నుంచి పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. పైవరస పండును అదిమి పట్టే బరువేదీ ఉండదు కనుక, అది ఎగిరి పడుతూ పక్కవాటితో ఒరుసుకుంటుంది. తొక్క కింద కణాలు చితికి, గాలి సోకి నల్లబడతాయి. కోసిన వంకాయ నల్లబడేదీ ఇలాగే. అయితే దెబ్బ వెంటనే కనబడదు, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది.

మరుసటి ఏడు పండని కాయలే కోయించి, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, వరసల మధ్య వరిగడ్డి పరిచి, పైన ఖాళీ లేకుండా సర్దమన్నాను. కుదుపు ఎక్కువుండే లారీ వెనక చివరన కాక ముందువైపు పెట్టించమన్నాను. ఈసారి రెండే చెడ్డాయి.

ఆ మాట చెబితే అమ్మ, "అయితే మన చెట్టు మంచిదేనన్నమాట!" అంది. ఆమె దిగులంతా అదే.

మీరూ ఊరి నుంచి పళ్లు తెప్పించుకుంటున్నారా? చెట్టును అనుమానించే ముందు బుట్ట పైవరస చూడండి.