అమ్మమ్మ ఫోన్లో మనవడు

మా పెద్దమ్మ ఫోన్‌ని అడిగితే ఆవిడకు డైనోసార్లంటే ప్రాణమని చెబుతుంది. జేసీబీలు మట్టి తవ్వే వీడియోలు గంటల తరబడి చూస్తుందట. రంగుల గుడ్డు పగలగొడితే బొమ్మ బయటికొచ్చేవి మరీ ఇష్టమట. మధ్యమధ్యలో ఆవిడ వయసు గుర్తొచ్చి మోకాళ్ల నొప్పుల ప్రకటన ఒకటి వేస్తుంది. నిజానికి పెద్దమ్మ పొద్దున్నే సుప్రభాతం పెట్టుకుని ఫోన్‌ని టీవీ పక్కన పడేస్తుంది. ఆ తర్వాత రోజంతా అది కూతురి కొడుకు చేతిలోనే. వాడికి ఆరేళ్లు. అకౌంట్‌కి అరవై నాలుగు.

ఫోన్ ఇస్తేగానీ ముద్ద దిగదన్న మాట ఏ ఇంటికెళ్లినా వినిపిస్తుంది. తప్పు తల్లి మీదికో, అమ్మమ్మ గారాబం మీదికో పోతుంది. ఒక వీడియో అవగానే రెండోది దానంతటదే మొదలయ్యేలా చేసిందెవరని మాత్రం ఎవరూ అడగరు. ఎవరో కూర్చుని, ఆలోచించి అలా తయారుచేశారు. స్విచ్ వేసే ఉంచి మన చేతికిచ్చారు.

వేసి ఉన్న స్విచ్

బ్రిటన్‌లో ఆ స్విచ్ సంగతిని చట్టం దాకా తీసుకెళ్లింది ఒక సినిమా దర్శకురాలు. ‘బ్రిడ్జెట్ జోన్స్’ రెండో భాగం తీసిన బీబన్ కిడ్రాన్ 2013లో టీనేజీ పిల్లల ఇంటర్నెట్ బతుకు మీద ‘ఇన్‌రియల్‌లైఫ్’ అనే డాక్యుమెంటరీ తీశారు. ఎగువసభ సభ్యురాలు కూడా కావడంతో, 2018 డేటా రక్షణ చట్టంలో పిల్లల కోసం పట్టుబట్టి ఒక సెక్షన్ చేర్పించారు. దాని ప్రకారం సమాచార కమిషనర్ కార్యాలయం 15 ప్రమాణాలతో కోడ్ రాసింది. 2020 సెప్టెంబరు 2న అది అమల్లోకి వచ్చింది. సర్దుకోవడానికి కంపెనీలకు ఏడాది గడువిచ్చారు.

అంతకుముందు దారి చూపింది పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం అమెరికా 1998లో చేసిన చట్టం. అది పదమూడేళ్ల లోపు పిల్లల గురించే మాట్లాడింది. దాంతో ‘మీకు పదమూడు నిండాయా?’ అని అడిగి చేతులు దులుపుకోవడం ప్రపంచమంతా ఆనవాయితీ అయింది. పుట్టిన సంవత్సరం వెనక్కి జరపడం పిల్లలకు చిటికెలో పని. తీసివేత లెక్కలు వాళ్లకి అక్కడే బాగా వంటబట్టాయనుకుంటాను. బ్రిటన్ కోడ్ ప్రశ్ననే మార్చేసింది. ఇది పిల్లల కోసం చేసిందా అని కాదు, పిల్లలు ఇక్కడికి వచ్చే అవకాశం ఉందా అని అడిగింది. ఉంటే పద్దెనిమిది లోపు వాళ్లందరికీ లొకేషన్ ఆపి ఉంచాలి, అలవాట్లు గమనించి లెక్కగట్టే పని ఆపి ఉంచాలి, గోప్యత మొదటినుంచే గట్టిగా ఉండాలి. కావాలంటే తెరుచుకుంటారు, ముందు మాత్రం తలుపు మూసి ఉండాలి.

గడువు దగ్గరపడిన 2021 వేసవిలో ఏం జరిగిందో చూడండి. 13 నుంచి 17 ఏళ్ల వాళ్లకి యూట్యూబ్ ఆటోప్లే ఆపి ఉంచింది. ఇన్‌స్టాగ్రామ్ పదహారు లోపు వాళ్ల కొత్త అకౌంట్లను ప్రైవేటు చేసింది. టిక్‌టాక్ 13 నుంచి 15 ఏళ్ల వాళ్లకి రాత్రి తొమ్మిది దాటితే నోటిఫికేషన్లు మానేసింది. కారణాలు ఎవరేం చెప్పుకున్నా, తలచుకుంటే ఒక్క అప్‌డేట్‌తో అయ్యే పనే అని తేలిపోయింది.

తలచుకోకపోతే ఎలా ఉంటుందో ఫోర్ట్‌నైట్ ఆట చూపించింది. ఆడే పిల్లలకి ముక్కూమొహం తెలియని వాళ్లతో మాటలు కలిపే సౌకర్యం మొదటినుంచీ తెరిచే ఉందని, దాన్ని ఆపమని సొంత ఉద్యోగులే చెప్పినా కంపెనీ ఆలస్యం చేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఇక కొనుగోళ్ల బటన్ల కథ మరీ విచిత్రం. నిద్రపోయిన తెరను లేపబోయినా, వస్తువు ఎలా ఉందో చూడబోయి పక్క బటన్ తగిలినా డబ్బు పోయేదట. 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ మొత్తం 52 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అందులో 27.5 కోట్లు పిల్లల గోప్యత విషయంలో జరిమానా, మిగతాది ఆడినవాళ్లకి వాపసు.

ఓటీపీ ఎవరి చేతికి?

మన దగ్గర 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ పిల్లల గురించే. పద్దెనిమిది లోపు వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి రూఢి చేసుకోవాలి. వాళ్లని వెంటాడి గమనించకూడదు, వాళ్లని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువుంది. అనుమతి పత్రం తెలుగులోనూ చదువుకునే వీలుండాలన్నది ఇందులో నాకు నచ్చిన మాట.

నచ్చినా, పెద్దమ్మ ఫోన్ దగ్గరికొచ్చేసరికి ఇది తేలిపోతోంది. అక్కడ పిల్లాడనేవాడే లేడు కదా! పోనీ అనుమతి అడిగారే అనుకుందాం. ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే, ఫోన్ ఉన్నది వాడి చేతిలోనే. చాలా ఇళ్లలో పెద్దవాళ్ల అకౌంట్లు తెరిచిపెట్టిందే పిల్లలు. ఒక మనిషికి ఒక ఫోన్ అన్న లెక్కతో రాసిన రక్షణ, ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నచోట నిలవదు. ఎవరి చేతిలో ఉన్నా ప్రమాదం లేకుండా వస్తువునే తయారుచేయాలి. ఆటోప్లే అరవై నాలుగేళ్ల మనిషికి మాత్రం ఎందుకు వేసి ఉండాలి?

ఆగడమన్నది మనకి కొత్తేమీ కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి నడిపిన బాలానందానికి ఒక వేళ ఉండేది, వేళయ్యాక ముగిసేది. చందమామ చివరి పుట తర్వాత మళ్లీ నెలే. ముగింపు కూడా తయారీలో భాగమే. తెరని ఎంత తోసినా అడుగు తగలని పద్ధతిని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత దాని గురించి బాహాటంగానే నొచ్చుకున్నాడు.

మొన్న వెళ్లినప్పుడు ఆ ఫోన్‌లో ఆటోప్లే వెతికి ఆపాను. “మామయ్యా, ఇప్పుడు ప్రతిదీ నేనే నొక్కుకోవాలా?” అన్నాడు వాడు. అవునన్నాను. వారం తర్వాత చూస్తే స్విచ్ మళ్లీ వేసి ఉంది.

“ఎవరు వేశారు పెద్దమ్మా?”

“నేనేరా. పాపం నొక్కలేక విసుక్కుంటున్నాడని, వాడిచేతే వేయించాను.”