కింది నుంచి విసిరిన బంతి

బాస్కెట్‌బాల్ ఆటలో క్షణం కూడా కుదురు ఉండదు. పదిమంది ఆటగాళ్లు, ఒకే బంతి, ఎడతెగని పరుగులు. కాని ఒక్క ఘట్టంలో మాత్రం అందరూ ఎక్కడివారక్కడ ఆగిపోతారు. బంతి వేయబోయే ఆటగాణ్ణి అవతలి జట్టువాడు తప్పుగా అడ్డుకుంటే, నష్టపోయినవాడికి ‘ఫ్రీ త్రో’ ఇస్తారు. అతను గీత వెనుక నిలబడి, ఎవరి అడ్డూ లేకుండా, నింపాదిగా బంతిని రింగులోకి వేయవచ్చు. పడితే ఒక పాయింటు. గీతకూ బోర్డుకూ మధ్య 15 అడుగులు. రింగు నేలనుంచి 10 అడుగుల ఎత్తున ఉంటుంది. ఈ కొలతలు ఏ ఊళ్లో ఆడినా మారవు.

ప్రయోగం చేసేటప్పుడు ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి, మిగిలినవన్నీ స్థిరంగా ఉంచాలని తరగతిలో చదువుకున్నారు గదా! ఆటలన్నింటిలో ఆ నియమానికి ఇంత దగ్గరగా వచ్చే సందర్భం మరొకటి నాకు తోచదు. అయినా విచిత్రమేమిటంటే, అమెరికాలో ఈ ఆటే వృత్తిగా బతికే మహామహులు కూడా సగటున నాలుగింట ఒక ఫ్రీ త్రో పోగొట్టుకుంటారు. ఎన్నో దశాబ్దాలుగా వారి సగటు 75 శాతం చుట్టుపక్కలే తిరుగుతూ వచ్చింది.

రిక్ బ్యారీ అనే ఆటగాడు మాత్రం పదింట ఒకటే పోగొట్టుకున్నాడు. అదీ, చూసినవారు ఫక్కున నవ్వే పద్ధతిలో వేసి!

బ్యారీ 1944లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎలిజబెత్ పట్టణంలో పుట్టాడు. ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. జట్టులోని అయిదుగురిలో అతని స్థానం ఫార్వర్డ్. అనగా రింగుకు ఇరుపక్కలా మెలుగుతూ, పాయింట్లు చేయడం ముఖ్యమైన పనిగా గలవాడు. తండ్రి కూడా బాస్కెట్‌బాల్ ఆడినవాడే, పిల్లలకు నేర్పినవాడే. కొడుకు హైస్కూల్లో ఉండగా ఆయన ఒకటే పోరు పెట్టాడట: ఫ్రీ త్రో వేసేటప్పుడు బంతిని తలపైనుంచి ఒక చేత్తో నెట్టకు, రెండు చేతులతో పట్టుకుని కాళ్ల మధ్యనుంచి పైకి ఊపి వదులు అని. ఇది ఆయన కనిపెట్టినదేమీ కాదు. 1940, 50 దశకాల్లో చాలామంది అలాగే వేసేవారు. కాని బ్యారీ పెరిగే నాటికి అది పాతకాలపు పద్ధతి అయిపోయింది. ఆడపిల్లలు అలా వేస్తారనీ, నలుగురూ నవ్వుతారనీ కుర్రవాడు మొరాయించాడు. బంతి రింగులో పడుతుంటే ఎవరు నవ్వుతారని తండ్రి అడిగాడట. చివరకు కుర్రవాడు ఒప్పుకున్నాడు. మరో ఊళ్లో ఆడేటప్పుడు ప్రేక్షకుల్లో ఒకరు వెక్కిరించబోతే, పక్కనున్నవారే, అతను గురి తప్పడం లేదు గదా, ఎందుకు నవ్వుతావని ఆపారట. ఈ ముచ్చట బ్యారీయే చెప్పుకున్నాడు.

ఆ తరువాత అతని ప్రయాణం వేగంగా సాగింది. మయామీ విశ్వవిద్యాలయంలో చదువుతూ 1964-65లో ఆటకు సగటున 37.4 పాయింట్లు చేసి కళాశాలల ఆటగాళ్లందరిలో ప్రథముడయ్యాడు. 1965లో శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ జట్టు పిలిచింది. రెండో సంవత్సరంలోనే, అంటే 1966-67లో, సగటున 35.6 పాయింట్లతో ఎన్.బి.ఏ. లీగు మొత్తానికి మొదటివాడుగా నిలిచాడు.

అప్పుడు ఒక పని చేశాడు. ఎన్.బి.ఏ.కు పోటీగా ఏ.బి.ఏ. అనే కొత్త లీగు పుడితే, అందులోని ఓక్లండ్ జట్టుకు వెళ్తానని సంతకం చేశాడు. ఆ జట్టు శిక్షకుడు అతని మామగారు. పాత జట్టు కోర్టుకెక్కింది. 1967-68 అంతా అతను ఆడకుండా కూర్చోవలసి వచ్చింది. మంచి వయసులో ఒక సంవత్సరం అలా పోయింది. తరువాత ఏ.బి.ఏ.లోనూ పాయింట్లలో ప్రథముడయ్యాడు. కళాశాల, ఎన్.బి.ఏ., ఏ.బి.ఏ. మూడింటిలోనూ ఆ ఘనత పొందినవాడు అతనొక్కడే. 1972లో మళ్లీ వారియర్స్‌కు వచ్చాడు. 1975లో ఎవరూ ఆశపెట్టుకోని ఆ జట్టు ఫైనల్లో వాషింగ్టన్ బులెట్స్‌ను వరుసగా నాలుగు ఆటల్లో ఓడించింది. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు బ్యారీయే. చివరి రెండేళ్లు హ్యూస్టన్ రాకెట్స్‌కు ఆడి 1980లో విరమించాడు.

ఆ హ్యూస్టన్ రోజుల్లో, 1978-79లో, అతను వేసిన ఫ్రీ త్రోలు 169. పడినవి 160. సంవత్సరం పొడుగునా గురి తప్పినవి తొమ్మిదంటే తొమ్మిది! ఎన్.బి.ఏ. జీవితమంతా లెక్కవేస్తే 4,243 వేసి 3,818 పడేశాడు. 90 శాతం. విరమించే నాటికి ఆ లీగు చరిత్రలో అంతటి సగటు మరొకరికి లేదు.

మరి అందరూ ఆ పద్ధతినే పట్టుకోవాలి గదా! పట్టుకోలేదు. ఎందుకో తెలియాలంటే విల్ట్ చాంబర్లిన్ కథ వినాలి.

చాంబర్లిన్ ఏడడుగుల ఒక అంగుళం మనిషి. రింగు దగ్గర అతన్ని ఆపగలవాడు లేడు. కాని గీత దగ్గర నిలబెడితే పసిపిల్లవాడే. 1960-61లో ఫ్రీ త్రోల్లో సగమే పడ్డాయి, 50.4 శాతం. మరుసటి సంవత్సరం అతను కింది నుంచి వేయడం మొదలుపెట్టాడు. 61.3 శాతం అయింది. ఆ ఏడాదే, 1962 మార్చి 2న, పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణంలో ఒకే ఆటలో 100 పాయింట్లు చేశాడు. ఎన్.బి.ఏ.లో అంతవరకూ ఎవరూ చేయని పని అది. ఆనాడు అతను వేసిన 32 ఫ్రీ త్రోల్లో 28 పడ్డాయి. కింది నుంచి వేసినవే!

కొన్నాళ్లకు ఆ పద్ధతి మానేశాడు. మళ్లీ పైనుంచే. 1967-68 వచ్చేసరికి 38 శాతానికి దిగజారాడు. ఎందుకు మానేశావంటే, అలా వేస్తుంటే తాను ఆడంగిలా, వెర్రివాడిలా కనిపిస్తున్నట్టు అనిపించేదని తన ఆత్మకథలో రాసుకున్నాడు. తాను చేసింది పొరపాటని తెలుసుననీ, అయినా అలా వేయలేకపోయాననీ ఒప్పుకున్నాడు. కొండంత మనిషికి కూడా నామోషీ అంత పనిచేసింది.

ఇక్కడ మనం తొందరపడి తీర్పు చెప్పకూడదు. బ్యారీ మామూలు ఆటగాడు కాదు. పైనుంచి వేసినా అతను 90 శాతం వేసేవాడేమో! నిజానికి పైనుంచి వేసే మార్క్ ప్రైస్, స్టీవ్ నాష్, స్టీఫెన్ కర్రీ వంటివారు ఆ తరువాత 90 శాతం దాటారు. బ్యారీతో కలిసి హ్యూస్టన్‌లో ఆడిన కాల్విన్ మర్ఫీ 1980-81లో 95.8 శాతం సాధించాడు. అతనూ పైనుంచి వేసినవాడే. ఒకే మనిషి రెండు పద్ధతుల్లోనూ వేసిన చాంబర్లిన్ ఉదాహరణ ఇంతకంటె బలమైనది. అయినా అదొక్కటే చాలదు. కనుక బంతి దారిని కాస్త లెక్కవేసి చూద్దాం.

చేయి వదిలిన బంతి ప్రక్షేపకం. దాని దారి పరావలయం. రింగు వ్యాసం 45.7 సెం.మీ., బంతి వ్యాసం ఇంచుమించు 24 సెం.మీ. బంతి నిట్టనిలువుగా దిగితే రింగు మొత్తం దానికి తెరిచినట్టే ఉంటుంది. ఏటవాలుగా వస్తే రింగు సన్నబడి కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. చేతిగాజును కంటికెదురుగా పట్టుకుని మెల్లగా వాల్చి చూడండి, తెలుస్తుంది. ఆ సన్నబడిన వెడల్పు, రింగు వ్యాసాన్ని దిగే కోణపు సైన్ విలువతో గుణిస్తే వస్తుంది. 45 డిగ్రీల కోణంలో దిగే బంతికి 32 సెం.మీ. సందు దొరుకుతుంది. 30 డిగ్రీలయితే 23 సెం.మీ. కూడా ఉండదు. అంటే ఇనుమును తాకకుండా బంతి పట్టదు. దాదాపు 32 డిగ్రీలు కనీస హద్దు.

కింది నుంచి వేస్తే బంతి ఎత్తుగా లేస్తుంది కనుక నిలువుగా దిగుతుందనీ, అదే దాని రహస్యమనీ కొందరు చెబుతారు. ఇది సగమే నిజం. ఏడడుగుల ఎత్తునుంచి వదిలే బంతికి కనీస వేగం సెకనుకు 7.1 మీటర్లు చాలు, దాదాపు 51 డిగ్రీల కోణంలో. నడుము దగ్గర, నాలుగడుగుల ఎత్తున వదిలేవాడికి కనీసం 7.8 మీటర్లు కావాలి, కోణం 57 డిగ్రీలు దాటాలి. ఆ కనీస వేగంతో వేసినా అది రింగు దగ్గర 33 డిగ్రీలకే, అంటే హద్దు మీదనే దిగుతుంది. ఇంకా ఎత్తుకు, ఇంకా వేగంగా వేస్తేనే మంచి కోణం వస్తుంది. కనుక జ్యామితి ఒక్కటే చూస్తే ఎత్తునుంచి వదిలేవాడిదే పైచేయి. పాఠ్యపుస్తకం లెక్క బ్యారీకి వ్యతిరేకంగానే వస్తుంది!

మరి లాభం ఎక్కడ? మనిషి శరీరంలో. గీత దగ్గరనుంచి చూస్తే, బంతి ఇనుమును తాకకుండా పడాలంటే పక్కకు ఒకటిన్నర డిగ్రీకి మించి తొలగకూడదు. పైనుంచి వేసేటప్పుడు ఒక చేయి నెడుతుంది, రెండోది ఊరికే ఆసరా ఇస్తుంది. భుజం, మోచేయి, మణికట్టు, వేళ్లు ఒకదాని తరువాత ఒకటి కదలాలి. ఎక్కడ కాస్త వంకర వచ్చినా బంతి పక్కకు పోతుంది. కింది నుంచి వేసేటప్పుడు రెండు చేతులూ సమానంగా, లోలకంలా ఊగుతాయి. కదలిక చాలావరకు భుజాల దగ్గరే. ఒక చేయి చేసే తప్పును రెండోది చాలావరకు సరిచేస్తుంది. బరువుకు వేలాడే చేతులు సహజంగా ఊగే తీరు అది. అలసటతో గుండె దడదడలాడుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇంకొకటి, బంతి తిరుగుడు. రెండు చేతులతో కిందినుంచి ఎత్తి వదిలిన బంతి చక్కగా వెనక్కి తిరుగుతూ పోతుంది. పాత సైకిలు టైరును ముందుకు విసురుతూ చేత్తో వెనక్కి తిప్పి వదిలితే, కొంతదూరం పోయి మళ్లీ మీ దగ్గరకే దొర్లి వస్తుంది. ఆ ఆట మీరు ఆడే ఉంటారు. ఇదీ అంతే. వెనక్కి తిరిగే బంతి రింగును తాకగానే ఘర్షణ దాని ముందు వేగాన్ని తగ్గిస్తుంది. ఎగిరి అవతలకు పోవలసిన బంతి రింగు మీదే తచ్చాడి లోపలికి జారుతుంది. పైనుంచి వేసేవారికీ ఈ తిరుగుడు కావాలి. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన సిల్వర్‌బర్గ్, ట్రాన్ అనేవారు కంప్యూటరుతో లెక్కించి, సెకనుకు మూడుసార్లు వెనక్కి తిరిగితే మేలని 2008లో ప్రచురించారు. భారతీయ సంతతికి చెందిన మధుసూదన్ వెంకటేశన్, ఎల్. మహదేవన్‌లు 2017లో విసరడాన్ని గురించి గణితపరంగా పరిశోధించారు. భుజానికి కొంచెం పైన, దగ్గరలోనే ఉన్న లక్ష్యాన్ని కొట్టడానికి కింది నుంచి విసరడం చిన్న చిన్న తప్పులను బాగా ఓర్చుకుంటుందని వారు తేల్చారు.

అయినా ఆటగాళ్లు మారలేదు. బ్యారీ కొడుకుల్లో ముగ్గురు ఎన్.బి.ఏ.లో ఆడారు. ఒక్కరూ తండ్రి పద్ధతిలో వేయలేదు! చిన్న కొడుకు కాన్యన్ ఒక్కడే వేశాడు. అతను చదివింది భౌతికశాస్త్రం కావడం నాకు ముచ్చటగా తోస్తుంది. 2016-17లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి ఆడుతూ వరుసగా 42 ఫ్రీ త్రోలు వేసి ఆ విశ్వవిద్యాలయపు రికార్డు స్థాపించాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ముగ్గురేసి ఆడే బాస్కెట్‌బాల్‌లో అమెరికా జట్టులోనూ ఉన్నాడు.

మీ బడిలో బాస్కెట్‌బాల్ రింగు ఉంటే మంచిది. లేకపోతే బంతికి రెట్టింపు వెడల్పున్న తట్టనో బకెట్టునో అరుగు మీద పెట్టి, అయిదారడుగుల దూరంలో గీత గీయండి. పైనుంచి ఒక చేత్తో 50, కింది నుంచి రెండు చేతులతో 50 వేయండి. ఒక పద్ధతిలో అన్నీ ముగించి రెండోది మొదలుపెట్టకండి. అలసట, అలవాటు లెక్కను పాడుచేస్తాయి. పదేసి చొప్పున మార్చి మార్చి వేయండి. పడినవి లెక్కపెడితే చాలదు. పడనివాటిలో పక్కకు పోయినవెన్ని, ముందో వెనుకో పడినవెన్ని అనేది స్నేహితుడి చేత విడివిడిగా రాయించండి. మొదటిరోజు కింది నుంచి వేయడం చేతకాకపోవచ్చు, వారం రోజులు సాధన చేశాకే అసలు లెక్క మొదలుపెట్టండి.